నోట్లో ఉన్న గొట్టమే ఇవ్వాలి

అక్క కాశింబీకి నాగూర్ సలాములు.

నువ్వూ బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. నాకు ఒంట్లో బాగానే ఉంది. చెవిపోటు తగ్గింది. బావగారి మోకాలికి ఒంగోలు డాక్టరు ఇచ్చిన పట్టీ కట్టుకుంటున్నారా, లేక అది చిలక్కొయ్యకు వేలాడుతోందా? మొన్న మబ్బు పట్టిందని నూర్జహాన్ చెప్పింది. కళ్ళంలో మిరపకాయలు తడవలేదు కదా? రెండో కోతకు మనుషులు దొరుకుతున్నారా?

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని అనుకుంటావు. నువ్వు ఫోను ఎత్తగానే స్పీకరు నొక్కుతావు. తాలుకాయలు ఏరే ఆడవాళ్ళంతా వింటారు. వాళ్ళలో నా భార్య నూర్జహాన్ కూడా ఉంటుంది. ఇటు చూస్తే నా పక్క మంచం మీద ఆమె తమ్ముడు మస్తాన్ ఉంటాడు. నేను చెప్పాల్సింది ఆ మస్తాన్ గురించే. అందుకని రాస్తున్నాను. నువ్వు ఒక్కదానివే చదువుకో. నూర్జహాన్‌కు చూపించొద్దు.

మూడు వారాల కింద నేను జెట్టీ మీద నిలబడి నీకు ఒక పని చెప్పాను. మిరప కోతలకు మనిషి లేడని, వెంటనే రమ్మని, మస్తాన్‌కు వాళ్ళమ్మ చేత ఫోను చేయించమన్నాను. నువ్వు "చూద్దాంలేరా" అన్నావు. ఎందుకని అడగలేదు. ఈ ఉత్తరం అయ్యేదాకా చదివి, ఆ తరువాత ఏం చెయ్యాలో చెయ్యి.

ఇక్కడ ఎండ మన ఎండ కాదు. చెమట ఆరదు. బట్టలు ఆరవు. ఉప్పు గాలికి నా కొత్త చెప్పుల గుబ్బలు తుప్పు పట్టాయి. అన్నం, చేపలు, పప్పు పెడతారు. కారం పేరుకే. కూర ఎర్రగానే ఉంటుంది గాని నోటికి ఏమీ తెలియదు. నువ్వు కట్టిచ్చిన పండుమిరప పచ్చడి నెల రోజులకే అయిపోయింది. ఎలా అయిపోయిందో నాకు తెలుసు, అది తరువాత రాస్తాను. అండమాన్‌లో మన తెలుగువాళ్ళు ఎక్కువేనని అన్నారు గాని వాళ్ళంతా పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. మా దీవికి అక్కడి నుంచి మళ్ళీ పడవ. ఆదివారం గడవదు. మిగతా రోజుల్లో పని ఉంటుంది కాబట్టి ఫరవాలేదు.

పని ఏమిటంటే, పొద్దున్నే కంప్రెసర్‌తో సిలిండర్లలో గాలి నింపాలి. వాటిని పడవలోకి మొయ్యాలి. సముద్రం అడుగు చూడాలని వచ్చేవాళ్ళకు సామాను తొడగాలి. వచ్చాక అంతా మంచినీళ్ళతో కడిగి ఆరేయాలి. వాళ్ళ వెంట నీళ్ళలోకి దిగే పని వేరే. అందులో ఈ ఏడు ఒక్క మనిషికే ఖాళీ ఉంది. నేను వచ్చింది ఆ పని కోసం. బావుల్లో పడిన మోటార్లు తీసే నాగూర్ అంటే మార్టూరు నుంచి చీమకుర్తి దాకా తెలియనివాళ్ళు లేరు. నీళ్ళలో పని అంటే నాదే అనుకున్నాను. మస్తాన్‌ను సిలిండర్లు మొయ్యడానికి నేనే తీసుకొచ్చాను.

వాడి సంగతి నీకు తెలుసు. మోకాలి లోతు కాలవలో కూడా దిగేవాడు కాదు. మన వైపు బావిలో దిగేవాడు తాడు బావమరిది చేతికే ఇస్తాడు. అన్నదమ్ములకైతే గట్టు తగాదాలుంటాయి. బావమరిదికి అక్క నల్లపూసలు గుర్తుంటాయి. అలా నా తాడు మస్తాన్ పట్టాడు. ఎనిమిదేళ్ళు గట్టు మీద నిలబడి బీడీ కాల్చుకుంటూ పట్టాడు. కిందికి ఒక్కసారి తొంగి చూసేవాడు కాదు, కళ్ళు తిరుగుతాయని. అలాంటివాడు నాకు పోటీ వస్తాడని ఎవరనుకుంటారు?

ఇక్కడ నేర్పే ఆవిడ రేవతి గారు. విశాఖపట్నం మనిషి. చిన్నావిడే గాని కచ్చితం. ఈమె డైవింగ్ దుకాణంలో పద్ధతి ఏమిటంటే, దిగే అందరి సామాను ఒకేలా ఉండాలి. ఈమె ఒంటి మీద ఏది ఎక్కడుందో నా ఒంటి మీదా అది అక్కడే ఉండాలి. కత్తి నడుము పట్టీకి ఎడమ పక్కన. గాలి ఎంత మిగిలిందో చూపే మీటరు ఎడమ తుంటి దగ్గర. గాలి పీల్చే గొట్టాలు రెండు. ఒకటి మనిషి కంటే పొడుగు, ఛాతీ మీదుగా మెడ వెనక చుట్టి నోట్లోకి వస్తుంది. రెండోది పొట్టిది, గడ్డం కింద రబ్బరు తాడుకు వేలాడుతుంది. పక్కవాడికి గాలి అయిపోతే మన నోట్లో ఉన్న పొడుగు గొట్టం తీసి వాడికి ఇవ్వాలి. ఆ తరువాత మనం పొట్టిది అందుకోవాలి. నోట్లోది ముందు ఇవ్వడం ఎందుకంటే, అందులో గాలి వస్తోందని అప్పటికే తెలుసు కాబట్టి. ఊపిరాడనివాడు ఎలాగూ మన నోటి మీదికే వస్తాడట.

నాకిది మొదటి రోజే మింగుడు పడలేదు. క్వారీ గుంటల్లో నేను రాతికి బెజ్జాలు వేసే కంప్రెసర్ గాలినే గొట్టంలోకి మళ్ళించుకుని, ఆ గొట్టం పళ్ళతో కరుచుకుని దిగేవాణ్ణి. ఒకసారి చీమకుర్తిలో నీళ్ళు నిండిన గుంటలో పంపు కోసం దిగితే గొట్టం రాతి కొసకు తగులుకుని నోట్లోంచి ఊడింది. తాడు రెండుసార్లు లాగాను. మస్తాన్ నన్ను పైకి లాగాడు. నీకు ఆ సంగతి చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. అప్పటి నుంచి గొట్టాన్ని నైలాను దారంతో మెడకు కట్టుకునే దిగుతాను. నోట్లోది చచ్చినా వదలకూడదు అన్నదే నాకు తెలిసిన విద్య. ఇక్కడ అదే తప్పు.

"అందరికీ ఒకటే అంటే ఎలాగండీ? నా చెయ్యి వేరు, పక్కవాడి చెయ్యి వేరు. నా కత్తి పిక్కకు కట్టుకుంటేనే నాకు అందుతుంది" అన్నాను.

"మీకు అందుతుంది. మీ పక్కవాడికి అందొద్దా? మీ ఊరి బస్సులో బ్రేకు ఏ డ్రైవరుకి ఇష్టమైన చోట ఆ డ్రైవరు పెట్టుకుంటాడా నాగూర్ గారూ?"

"మా ఊరికి బస్సు రాదండీ" అన్నాను.

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వి, కత్తిని పిక్క నుంచి తీయించి నడుముకు పెట్టించింది.

పక్క దుకాణంలో ఇలా కాదు. అక్కడ ఎవరికి నచ్చిన సామాను వాళ్ళు తెచ్చుకోవచ్చు, ఎక్కడ నచ్చితే అక్కడ తగిలించుకోవచ్చు. ఇచ్చే గొట్టం పసుపు రంగులో పక్కటెముకల దగ్గర ఉంటుంది. నోట్లోది నోట్లోనే ఉంటుంది. వాళ్ళు కూడా రోజూ క్షేమంగానే పైకొస్తున్నారు. ఆ యజమాని నన్ను చూసి, ఇన్నేళ్ళు నీళ్ళలో బతికినవాడికి మళ్ళీ పలకా బలపం ఏమిటని హిందీలో అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. వెళ్ళిపోదామనే అనుకున్నాను. కాని నేను వెళితే ఇక్కడ పని మస్తాన్‌ది అవుతుంది. అందుకే వెళ్ళలేదు.

ఎందుకంటే వాడు నేర్చుకుంటున్నాడు. సిలిండర్లు మోస్తూ చూసి, ఒకరోజు నన్నూ దించండి అన్నాడు. నేను నవ్వాను. వారం తిరక్కుండా నవ్వు పోయింది. వాడికి ఏ అలవాటూ లేదు. ఆవిడ ఏది ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాడు, మళ్ళీ ముట్టుకోడు. నీళ్ళలో ఇసుకకు జానెడు ఎత్తున, పరుపు మీద పడుకున్నట్టు ఉంటాడు. ఇసుక లేవదు. నాకేమో కాళ్ళకు అడుగు తగలాలి. బురదలో కాళ్ళతో వెతికితేనే మోటారు దొరుకుతుంది. ఇక్కడ కాలు ఆనిస్తే పగడాలు విరుగుతాయని తిడతారు. "నాగూర్ గారూ, కాళ్ళు!" అని పైకి వచ్చిన ప్రతిసారీ. "మస్తాన్‌ని చూడండి" అని ప్రతిసారీ.

నేను వాణ్ణే చూస్తున్నాను అక్కా. వేరే ఏమీ చూడటం లేదు. వాడు దువ్వుకునే దువ్వెన చూసినా నాకు మండుతుంది. నేర్చుకునేవాడిగా రేవతి గారి వెంట వాడు దిగినప్పుడు అతిథులు వాడితో ఫొటోలు తీయించుకుంటారు. మస్తాన్ గారూ అంటారు. వాడికి రాని ఈత కూడా ఈవిడే నేర్పింది. నా బావమరిది బాగుపడితే నాకు సంతోషం ఉండాలని తెలుసు. తెలిసిందాన్ని రాయమంటే రాస్తాను గాని, అది ఉందని రాయలేను. అందుకే నీకు ఆ ఫోను చేశాను.

ఫోను చేసిన మూడో రోజున పరీక్ష పెట్టారు. ఇద్దరం దిగాలి, రేవతి గారు చూస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు ఒకడు గాలి అయిపోయిందని చేత్తో గొంతు కోసినట్టు సైగ చెయ్యాలి. రెండోవాడు గొట్టం ఇవ్వాలి. పడవలో ఒకరి సామాను ఒకరం తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూసుకున్నాం. మస్తాన్ నా పొడుగు గొట్టం పూర్తిగా బయటికి లాగి చూసి, సరే అన్నాడు. ఆ తరువాత నేను కాళ్ళకు రబ్బరు ఈత రెక్కలు తొడుక్కునే వంకతో అటు తిరిగి, నల్ల నైలాను దారంతో నోటి గొట్టాన్ని మెడకు కట్టేశాను. నల్ల గొట్టం మీద నల్ల దారం, కనపడదు. ఎందుకు కట్టానంటే చెప్పలేను. పరీక్ష అనేసరికి చెయ్యి దానంతటదే కట్టింది.

అడుగున పగడాల పక్కన పోతున్నాం. మస్తాన్ తన నోట్లోంచి గొట్టం తీసి సైగ చేశాడు. నేను గొట్టం ఇవ్వాలి. నా పళ్ళు బిగుసుకున్నాయి. వాడు చెయ్యి చాపి పట్టుకుని లాగాడు. దారం పట్టేసింది. ముక్కుతాడు లాగితే ఎద్దు తల వచ్చినట్టు నా తల వాడి వైపు వచ్చింది. మాస్కు పక్కకు జరిగి నీళ్ళు నిండాయి. కళ్ళు కనపడటం లేదు. చీమకుర్తి గుంటలో ఉన్నాననుకున్నాను.

నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు. రెండుసార్లు నొక్కారు. అది గట్టు మీద నుంచి వాడు తాడుతో చెప్పే గుర్తు. నేనున్నాను అని. తరువాత నా గడ్డం కింది పొట్టి గొట్టం వాడు తీసుకుని ఊపిరి పీల్చుకోవడం, నా నడుము పట్టీ మీద వాడి చెయ్యి పడటం తెలిసింది. నా కత్తినే తీశాడు. తడుముకోలేదు. అది ఎక్కడుంటుందో వాడికి తెలుసు, తన కత్తీ అక్కడే ఉంటుంది కాబట్టి. దారం కోసి, కత్తి మళ్ళీ దాని చోట పెట్టి, నా మాస్కు సరిచేశాడు. ఇద్దరం పైకి వచ్చాం.

రేవతి గారికి వాడి వీపు అడ్డం వచ్చింది. దారం కనపడలేదు.

"ఆయన మాస్కు ఎందుకు నిండింది?" అని పడవలో అడిగింది.

"నా మోచెయ్యి తగిలిందండీ. తొందరపడ్డాను" అన్నాడు మస్తాన్.

"అవునా నాగూర్ గారూ?"

నేను మాస్కు తుడుచుకుంటున్నాను. "ఊఁ" అన్నాను.

సాయంత్రానికి తేలిపోయింది. తొందరపడే మనిషిని అతిథుల పక్కన దించనని, మస్తాన్ పది రోజుల తరువాత మళ్ళీ పరీక్ష ఇవ్వాలని, అప్పటిదాకా సిలిండర్లు మొయ్యాలని చెప్పింది. రేపటి నుంచి నన్ను దిగమంది. నేను కోరుకుందే అది. అన్నం తినేటప్పుడు వాడు మామూలుగా కూర కలుపుకుంటున్నాడు.

"ఒరేయ్, అలా ఎందుకు చెప్పావురా? నేనడిగానా నిన్ను?"

"క్వారీలో మాత్రం అడిగితే లాగానా బావా?"

"అది వేరు."

"తాడు పట్టినోడు పైకి లాగుతాడు. ఎందుకు మునిగావని అడుగుతాడా? తిను, చల్లారిపోద్ది."

ఆ ముద్ద నాకు దిగలేదు. తిడితే బాగుండేది. నా పచ్చడి సీసా అడుగున మిగిలింది వేలితో గీకి వాడే తిన్నాడు. అదిగో, పచ్చడి అలా అయిపోయింది.

నాలుగు రోజులు అతిథులతో దిగాను. నాలుగు రోజులూ వాడు నింపిన సిలిండరే నా వీపు మీద ఉంది. వాడే ఎత్తి తగిలించేవాడు. "జాగ్రత్త బావా" అనేవాడు. ఆ మాటలో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే నాకు ఇంకా తేలిగ్గా ఉండేది.

నాలుగో రోజున మన గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ వచ్చింది. పళ్ళ డాక్టరట. ఇదివరకు దిగింది గాని భయం పోలేదు.

"మస్తాన్ గారు తీసుకెళ్తారని మా తమ్ముడు చెప్పాడండీ. ఆయన లేరా?" అంది.

"నేను ఆయన బావనండీ. నేనే నేర్పాను" అన్నాను. ఆ అబద్ధం నాది.

పడవలో ఆమె నా సామాను తడిమి చూడాలి, అది పద్ధతి. నా పొడుగు గొట్టం కొస దాకా లాగి పట్టుకుని, "నాకు గాలి అయిపోతే ఇది నాకిస్తారు కదా? తప్పకుండా ఇస్తారు కదా?" అంది.

"ఇస్తానండీ" అన్నాను. నోరు చెప్పింది. పళ్ళు ఒప్పుకున్నాయో లేదో నాకు తెలియదు. ఆమెకు ఏమీ కాలేదు, గాలి బోలెడు మిగిలింది, చేపలను చూసి సంతోషంగా పైకొచ్చింది. నేను మాత్రం ఆ ముప్పావు గంటా గొట్టం ఎంత గట్టిగా కరిచానంటే దవడ నొప్పితో మధ్యాహ్నం అన్నం నమలలేకపోయాను.

అప్పుడు వెళ్ళి రేవతి గారికి చెప్పేశాను. ఇది మంచితనం అనుకోకు అక్కా. ఆ డాక్టరమ్మ మాట ఒకటి. రెండోది, ఆ పని నా చేతికి వచ్చింది మస్తాన్ పారేస్తే. వాడు పెట్టిన ముద్ద తినడం కంటే సిలిండర్లు మొయ్యడం నయమనిపించింది. ఈ రెండిట్లో ఏది ఎక్కువో నేను తూచలేదు.

ఆవిడ అరవలేదు. మస్తాన్‌ను పిలిచి దారం ఏదని అడిగింది. వాడు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్నాళ్ళూ దాచుకునే ఉన్నాడు.

"ఆయన నాకు తెలియకుండా ఒక ముడి వేశారు. నువ్వు తెలిసి కూడా దాచావు. నాలుగు రోజులు మనుషులు ఈయన్ని నమ్మి దిగారు మస్తాన్. వాళ్ళ తాడు ఎవరు పట్టారు?"

వాడికి తిట్లు పడటం నేను చూడటం అదే మొదలు. నాకు హాయిగా ఉందా అంటే, ఉంది. కొంచెంసేపు.

ఇద్దరినీ వారం రోజులు నీళ్ళలోకి రానివ్వలేదు. వారం కాగానే వాడు మళ్ళీ పరీక్ష ఇచ్చాడు, గెలిచాడు. ఖాళీ ఒక్కటే, అది వాడిది. నన్ను పంపించేస్తుందనుకున్నాను. పంపించలేదు. మొదటి పాఠం నుంచి మళ్ళీ మొదలుపెట్టమంది. ఇష్టం లేకపోతే పక్క దుకాణం ఉందని కూడా చెప్పింది. అక్కడా మంచివాళ్ళే, కాని ఇక్కడుంటే ఇక్కడి పద్ధతి అంది. నేను ఉన్నాను.

నాకు నేర్పేది ఎవరనుకుంటున్నావు? మస్తానే. రోజూ పొద్దున పనికి ముందు ఛాతీ లోతు నీళ్ళలో మోకాళ్ళ మీద కూచోబెడతాడు. ఎదురుగా వచ్చి గొంతు కోసినట్టు సైగ చేస్తాడు. నేను నోట్లోది తీసి ఇవ్వాలి. మొదటి రోజు సగంసార్లు ఇవ్వలేకపోయాను.

"నీ పళ్ళు వదలవేంది బావా! మా అక్క నిన్నెట్టా భరిస్తాంది?" అన్నాడు.

"నోరు మూసుకుని సైగ చెయ్యరా" అన్నాను.

ఇప్పుడు పదికి ఎనిమిదిసార్లు ఇస్తున్నాను. దిగే ముందు వాడు నా మెడ చుట్టూ వేలు పెట్టి తడుముతాడు, ఏమైనా కట్టానేమోనని. అందరి ముందూ తడుముతాడు. నేను గడ్డం ఎత్తి నిలబడతాను.

కాబట్టి అక్కా, నేను చెప్పిన పని చెయ్యొద్దు. మస్తాన్‌కు ఫోను చేయించొద్దు. ఇప్పటికే వాళ్ళమ్మకు చెప్పి ఉంటే, కోతలకు మనిషి దొరికాడని చెప్పు. నా కడుపుమంట తగ్గిందనుకోకు. నిన్న వాడికి అతిథులు కొత్త చొక్కా పంపారు, దాన్ని చూసి రాత్రి అన్నం సరిగా తినలేదు. కాని వాడు వెళితే ఆ మిగిలిన రెండుసార్లు ఎవరు నేర్పుతారు?

నా బావి తాడు కావాలని ఎవరైనా వస్తే ఇచ్చెయ్యి. నేను వేసిన ముడి మాత్రం ముందు విప్పించు. అది నాకు తప్ప ఎవరికీ సులువుగా ఊడదు. కొత్తవాడు అవస్థ పడతాడు.

బావగారికి నా సలాములు. మస్తాన్ వాళ్ళమ్మకు, నూర్జహాన్‌కు, ఇద్దరం ఒకేచోట తిని ఒకేచోట పడుకుంటున్నామని, ఏ లోటూ లేదని చెప్పు. అది నిజమే. నా కోసం దువా చెయ్యి. చేసేటప్పుడు వాడి పేరు కూడా తలుచుకో, నేను తలుచుకోవడానికి ఇంకొన్నాళ్ళు పడుతుంది.

పండుమిరప పచ్చడి కొత్తది పెట్టి ఉంటావు. వాడికి తెలియకుండా నాకొక్కడికే ఒక సీసా పంపమని అడుగుదామనుకున్నాను. వద్దు. రెండు పంపు. ఒకటి పెద్దది ఒకటి చిన్నది వద్దు, రెండూ ఒకే కొలతవి, మూతలు కూడా ఒకేలా ఉన్నవి చూసి పంపు.

నీ తమ్ముడు
నాగూర్